బిడ్డ ఒక్కటి – సలహాలు వంద

ఇంట్లో బిడ్డ పుట్టింది. చూడటానికి చుట్టాలు వస్తారు. ఇరుగుపొరుగు వాళ్లు వస్తారు. బిడ్డకి చొక్కా తెస్తారు. సబ్బు తెస్తారు. పిడికిట్లో డబ్బులు పెడతారు. పోయేముందు ఒక సలహా కూడా చెప్పి పోతారు.

"పిల్ల ఏడుస్తా ఉంది. నీకు పాలు చాలడం లేదేమో. డబ్బా పాలు పట్టు."

"ఎండలు మండిపోతున్నాయి. నాలుగు చుక్కలు నీళ్లు పొయ్యి."

"కళ్లు చిన్నగా ఉన్నాయి. రోజూ కాటుక పెట్టు. పెద్దవవుతాయి."

"నువ్వు అరటిపండు తినబాక. బిడ్డకి జలుబు చేసుద్ది."

అత్త ఒకటి చెబుతుంది. అమ్మ ఇంకొకటి చెబుతుంది. ఆడబిడ్డ మూడోది చెబుతుంది. ఈ మధ్య ఫోనులో వీడియో చూసి చెప్పేవాళ్లు కూడా వచ్చారు. బాలింత మంచం మీద పడుకుని అన్నీ వింటుంది. ఎవరి మాట వినాలి? వినకపోతే వాళ్లకి కోపం. విన్నాక బిడ్డకి ఏమన్నా అయితే, సలహా చెప్పినవాళ్లు ఎవరూ కనపడరు. "తల్లి సరిగా చూసుకోలేదు" అని ఊరంతా అంటుంది.

మన చదువు కేంద్రంలో దీని గురించి చాలాసార్లు మాటలు వచ్చాయి. "నీకింకా పెళ్లే కాలేదు, పిల్లల పెంపకం గురించి నువ్వేం రాస్తావమ్మా?" అని ఒక పెద్దమ్మ నన్ను అడిగింది. న్యాయమైన మాటే. అందుకే ఇందులో నా సొంత వైద్యం ఏమీ లేదు. ఏ.ఎన్.ఎం. గారిని, అంగన్‌వాడీ టీచరుని, ఒక పిల్లల డాక్టరుని అడిగాను. వాళ్లు చెప్పింది రాశాను. ఇంట్లో మాట ఎలా చెప్పుకోవాలో మాత్రం మన కేంద్రానికి వచ్చే అక్కలే నాకు చెప్పారు.

ఎవరు చెప్పారు అని కాదు, ఎక్కడ పెట్టమంటున్నారు?

సలహా చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. అత్త నలుగురిని కని పెంచింది. ఆ రోజుల్లో ఆసుపత్రి దూరం. మందులు లేవు. చేతికి అందింది వాడారు. బతికిన పిల్లలు మన కళ్ల ముందు ఉన్నారు. పోయినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

కాబట్టి మనిషిని చూసి తేల్చుకోవద్దు. అమ్మ చెప్పింది కాబట్టి మంచిది, అత్త చెప్పింది కాబట్టి చెడ్డది అనుకోవద్దు. ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ పని బిడ్డ ఒంటి మీద చేసేదా? ఒంటి లోపలికి పోయేదా?

ఒంటి మీద చేసేది అయితే చాలావరకు సర్దుకుపోవచ్చు. దిష్టి తీస్తారు. ఎర్రనీళ్లు తిప్పి పోస్తారు. మొలతాడు కడతారు. ఉప్పు, మిరపకాయలు పొయ్యిలో వేస్తారు. వెయ్యనివ్వండి. పొగ బిడ్డ దగ్గరికి రాకుండా చూసుకుంటే చాలు. ఇలాంటి వాటికి ఇంట్లో గొడవ పెట్టుకోవడం దండగ.

నోట్లోకి, ముక్కులోకి, చెవిలోకి, కంట్లోకి పోయేది అయితే మాత్రం ఆగాలి. పచ్చి బొడ్డు మీద పెట్టేది కూడా లోపలికి పోయినట్టే లెక్క. ఇక్కడ మొహమాటం పనికిరాదు. అడగకుండా ఏదీ పెట్టనివ్వకూడదు.

పైపై పనుల్లో ఒక్కదానికి మాత్రం ఈ సర్దుబాటు లేదు. అది వాతలు పెట్టడం. ఫిట్స్ వచ్చాయని, కడుపు ఉబ్బిందని, కామెర్లని చెప్పి పసిబిడ్డ పొట్ట మీద కాల్చేవాళ్లు ఇంకా ఉన్నారు. దానితో ఏ జబ్బూ పోదు. పుండు పడుతుంది. పుండులో చీము పడుతుంది. ఎంత పెద్దవాళ్లు చెప్పినా ఒప్పుకోవద్దు.

మొదటి గంట, మొదటి పాలు

బిడ్డ పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి. మొదటి రెండు మూడు రోజులు వచ్చే పాలు పసుపుగా, చిక్కగా ఉంటాయి. వీటిని ముర్రుపాలు అంటాం. "అవి చెడ్డపాలు. పిండి పారబొయ్యి. మూడో రోజు నుంచి పట్టు" అని కొందరు అంటారు.

మన ఇళ్లలో ఒక వింత చూడండి. గేదె ఈనితే ఆ మొదటి పాలకోసం ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని వస్తారు. జున్ను వండుకుని తింటాం. దూడకి ముందు ఆ పాలు తాగిస్తాం. తాగకపోతే దూడ నిలవదని రైతుకి తెలుసు. మరి తల్లి మొదటి పాలు బిడ్డకి ఎందుకు పనికిరావు? ముర్రుపాలు బిడ్డకి మొదటి టీకా లాంటివి. రోగాలని ఆపే శక్తి వాటిలో ఉంది. అవి కొంచెమే వస్తాయి. బిడ్డకి కావలసింది కూడా కొంచెమే. మొదటి రోజు ఒక్కోసారికి చిన్న చెంచాడు చాలు.

పాలు వచ్చేలోగా తేనె నాకించమంటారు. ఏడాది నిండేదాకా బిడ్డకి తేనె పెట్టకూడదు. తేనెలో ఒక రకం సూక్ష్మక్రిములు ఉండవచ్చు. పెద్దవాళ్లని అవి ఏమీ చెయ్యవు. పసిబిడ్డ పేగుల్లో మాత్రం అవి పెరిగి విషం పుట్టిస్తాయి. బిడ్డ ఒళ్లు వేలాడేస్తుంది. ప్రాణం మీదకి వస్తుంది.

ఇంకొకటి ఆముదం. "కడుపు శుభ్రం అవుద్ది" అని ఉగ్గుగిన్నెతో పోస్తారు. బిడ్డ కడుపులో ఉన్న నల్లటి మలాన్ని ముర్రుపాలే బయటికి పంపిస్తాయి. ఆముదంతో పని లేదు. పైగా ఏడ్చే బిడ్డ నోట్లో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పుడు న్యుమోనియా వస్తుంది. వస కూడా అంతే. వస అరగదీసి పడితే మాటలు తొందరగా వస్తాయంటారు. బాగా మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం కదా. మాటలు వచ్చేది వస వల్ల కాదు. మనం బిడ్డతో మాట్లాడితే బిడ్డకి మాటలు వస్తాయి. వస ఎక్కువైతే వచ్చేది వాంతులు.

అయితే ఉగ్గుగిన్నెని మాత్రం పారెయ్యొద్దు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ కొన్నాళ్లు రొమ్ము పట్టి చీకలేదు. అప్పుడు తల్లిపాలు శుభ్రమైన గిన్నెలోకి పిండి, ఉగ్గుగిన్నెలాంటి దానితోనే పట్టమని డాక్టర్లు చెబుతారు. పాలసీసా కంటే ఇది మేలు. సీసా పీకలో క్రిములు చేరతాయి. ఉగ్గుగిన్నె కడగటం సులువు. మన కేంద్రంలో ఒక చెల్లెలు తన అత్తతో ఇలా అన్నదట. "అత్తా, ఆముదం వద్దన్నారు. నీ ఉగ్గుగిన్నె మాత్రం కావాలన్నారు. నీళ్లలో మరగబెట్టి ఇస్తావా? నా పాలు నువ్వే పట్టు." అత్త కోపం తెచ్చుకోలేదు. ఉగ్గుగిన్నె వెతకటానికి అటక ఎక్కింది.

"పాలు చాలడం లేదు"

బాలింతని ఎక్కువ భయపెట్టే మాట ఇది. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. విని విని తల్లికి కూడా అనుమానం వస్తుంది. డబ్బా పాలు మొదలు పెడుతుంది. బిడ్డ చీకడం తగ్గిస్తుంది. చీకడం తగ్గితే పాలు నిజంగానే తగ్గుతాయి. అప్పుడు "నేను ముందే చెప్పాను కదా" అంటారు.

పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. అయిదో రోజు నుంచి బిడ్డ పగలూ రాత్రీ కలిపి 6 సార్లు, లేదా అంతకంటే ఎక్కువ ఉచ్చ పొయ్యాలి. పోస్తే పాలు అందుతున్నట్టే. గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టుకోండి. రెండోది బరువు. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంచెం బరువు తగ్గుతుంది. రెండు వారాలకి మళ్లీ ఆ బరువుకి వస్తుంది. అయిదారు నెలలకి పుట్టిన బరువుకి రెట్టింపు అవుతుంది. ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. అంగన్‌వాడీలో ప్రతి నెలా తూకం వేయించండి. కార్డులో చుక్క పెట్టించండి. ఆ చుక్కలు పైకి పోతున్నాయా, కిందికి పోతున్నాయా అని ఇప్పుడు మీరే చూసుకోగలరు. ఎవరన్నా "బిడ్డ సన్నబడింది" అంటే కార్డు తెచ్చి చూపించండి.

డబ్బా పాల గురించి ఒక సంగతి. 1992లో మన దేశంలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం పసిపిల్లల డబ్బా పాలకి ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద బొద్దుగా ఉన్న బిడ్డ బొమ్మ వెయ్యకూడదు. తల్లిపాలే మేలు అని డబ్బా మీదే రాయాలి. అమ్మేవాడి చేతే ఆ మాట రాయించారు చూడండి. డాక్టరు పరీక్ష చేసి పట్టమంటే అది వేరే సంగతి.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మన ఎండల్లో బిడ్డకి దాహం వేస్తుందని పెద్దల బాధ. తల్లిపాలు 100 వంతులు ఉంటే అందులో దాదాపు 88 వంతులు నీళ్లే. దాహం అవే తీరుస్తాయి. 6 నెలలు నిండేదాకా వేరే నీళ్లు వద్దు. గ్రైప్ వాటర్ కూడా వద్దు. నీళ్లు పోస్తే చిన్న పొట్ట నిండిపోతుంది. పాలు తాగదు. నీళ్లు మంచివి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఎండాకాలంలో ఎక్కువ నీళ్లు కావలసింది తల్లికి. ఆవిడకి చెంబు నిండా ఇవ్వండి.

ఇక్కడే ఇంకో తప్పుడు సలహా వస్తుంది. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందట. కూరలు తింటే బిడ్డకి పడదట. కారం అన్నం మాత్రమే తినాలట. బాలింత పథ్యం పేరుతో తల్లి కడుపు మాడ్చవద్దు. పాలిచ్చే తల్లి మామూలు కంటే ఒక పూట ఎక్కువ తినాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు అన్నీ తినవచ్చు. తల్లి అరటిపండు తింటే బిడ్డకి జలుబు రాదు. జలుబు వచ్చేది జలుబు ఉన్నవాళ్లు బిడ్డని ముద్దు పెట్టుకుంటే. చూడటానికి వచ్చే చుట్టాలకి ఈ ముక్క చెప్పడం కొంచెం కష్టమే. కానీ చెప్పాలి.

స్నానం, కాటుక, బొడ్డు

బిడ్డ పుట్టిన రోజే స్నానం చేయించకూడదు. ఒళ్లు చల్లబడుతుంది. ఒక రోజన్నా ఆగాలి. తర్వాత నూనె రాసి, మెల్లగా ఒళ్లు పట్టి నీళ్లు పొయ్యడం మంచి అలవాటే. పెద్దవాళ్ల చేతికి ఆ నేర్పు ఉంది. నూనె ఒంటికి రాయమనండి. ముక్కులో, చెవిలో చుక్కలు వెయ్యొద్దనండి. గొంతులో వేలు పెట్టి కఫం తియ్యవద్దనండి. ముక్కు లాగితే కోటేరు ముక్కు రాదు. తలకి సాంబ్రాణి పొగ పట్టవద్దు. మెత్తటి గుడ్డతో తుడిస్తే తల ఆరుతుంది. పొగకి ఊపిరితిత్తులు పాడవుతాయి.

కాటుక కంట్లో వద్దు. వేలి మురికి కంట్లో పడుతుంది. బజారులో దొరికే కొన్ని కాటుకల్లో సీసం అనే విషం ఉంటుంది. దిష్టి చుక్క కావాలంటే అరికాల్లో పెట్టుకోండి. అరచేతిలో మాత్రం వద్దు. బిడ్డ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది.

బొడ్డు మీద పసుపు, బూడిద, పేడ, పౌడరు, నూనె ఏవీ వద్దు. పొడిగా ఉంచితే దానంతట అదే ఊడిపోతుంది. పూర్వం పేడ వల్ల, తుప్పు పట్టిన కత్తి వల్ల చాలామంది పసిబిడ్డలు ధనుర్వాతంతో పోయారు. గర్భిణులకి టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చాక అది తగ్గింది. మన దేశం ఆ జబ్బుని అదుపులోకి తెచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అన్నప్రాసన దగ్గర కూడా మాటలు వస్తాయి. మగపిల్లవాడికి సరి నెల, ఆడపిల్లకి బేసి నెల అంటారు. ఆడపిల్లకి 5వ నెలలోనే పెడదాం అంటే ఒక ఉపాయం ఉంది. "ఆరు నిండనిద్దాం అత్తా. ఏడో నెల కూడా బేసి నెలే కదా" అనండి. ఆచారం నిలుస్తుంది. బిడ్డ కడుపు కూడా బాగుంటుంది. ముహూర్తం అని 8వ నెల దాకా ఆగడం కూడా మంచిది కాదు. ఆరు నిండాక తల్లిపాలు ఒక్కటే చాలవు. మెత్తగా మెదిపిన పప్పన్నం, నెయ్యి, ఉడికించిన దుంప, గుడ్డు పెట్టాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పెట్టాలి. తల్లిపాలు మాత్రం మానిపించవద్దు. రెండేళ్ల దాకా ఇవ్వాలి.

నీళ్ల విరేచనాలు: ఇక్కడ ఆలస్యం వద్దు

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో కొన్నింటికి రెండు రోజులు ఆగి ఆలోచించుకోవచ్చు. దీనికి వీల్లేదు. బిడ్డకి నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఇంటినిండా సలహాలే. "పళ్లు వస్తున్నాయి, వాటంతట అవే తగ్గుతాయి" అంటారు. "దిష్టి తగిలింది" అంటారు. "నీ పాలు పడలేదు, మానెయ్యి" అంటారు. అన్నిటికంటే ప్రమాదమైన సలహా ఇది: "నీళ్లు పొయ్యబాక. పోసే కొద్దీ పోతాయి."

మన కేంద్రానికి ఒక అవ్వ వస్తుంది. ఆవిడ ఈ పాఠం రోజున ఏమీ మాట్లాడలేదు. అందరూ వెళ్లాక నాతో చెప్పింది. ఆవిడ తొలిచూలు బిడ్డకి ఇలాగే విరేచనాలు పట్టుకున్నాయట. నీళ్లు పొయ్యొద్దన్నారు. ఎవరూ పొయ్యలేదు. బిడ్డ నాలుక బయటపెట్టి నీళ్ల చెంబు వంక చూసేదట. మూడో రోజు పొద్దున్నే పోయింది. "అప్పుడు ఎవరికి తెలుసమ్మా" అంది. ఇప్పుడు ఆ ఇంట్లో మనవడికి విరేచనాలు అయితే, కోడలి కంటే ముందు అవ్వే ఓ.ఆర్.ఎస్. కలుపుతుంది.

విరేచనాల్లో పోయేది నీళ్లు, ఉప్పు. పోయినదాన్ని మళ్లీ నింపాలి. నింపకపోతే రక్తం చిక్కబడుతుంది. ఉచ్చ ఆగుతుంది. గుండె అలసిపోతుంది. మాడు గుంట పడితే దాని మీద ఆముదం పెట్టమంటారు. మాడు గుంట పడింది ఒంట్లో నీళ్లు లేక. పైన పెట్టిన ఆముదం నీళ్లని తెచ్చి ఇవ్వదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగింది. లక్షలమంది జనం మన దేశంలోకి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్లు పీపాల్లో పెట్టించారు. రోగుల ఇంటివాళ్ల చేతే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోయేవాళ్లు. ఆ నీళ్లతో అది నూటికి 4 కంటే తగ్గింది. తాగించింది నర్సులు కాదు. తల్లులు, అన్నదమ్ములు. మనలాంటివాళ్లే.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో ఊరికే దొరుకుతుంది. ప్యాకెట్ మీద ఇంగ్లీషు ఉన్నా భయపడవద్దు. అంకెలు మీకు వచ్చు. ముందు తేదీ చూడండి. తర్వాత ఎన్ని నీళ్లకో చూడండి. పెద్ద ప్యాకెట్ 1 లీటరుకి. చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. కొలత తప్పకూడదు. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు సీసాతో కొలవండి. ప్యాకెట్ మొత్తం ఒక్కసారే వెయ్యండి. సగం దాచిపెట్టి సగం కలపవద్దు. కలిపాక మళ్లీ కాచవద్దు. ఒక రోజు దాటితే పారబొయ్యండి.

రెండేళ్ల లోపు బిడ్డకి విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు తాగించాలి. చెంచాతో కొంచెం కొంచెం పొయ్యాలి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా మెల్లగా పొయ్యాలి. తల్లిపాలు ఆపకూడదు. అన్నం తినే బిడ్డకి అన్నం ఆపకూడదు. ఏ.ఎన్.ఎం. గారు జింకు బిళ్లలు ఇస్తారు. విరేచనాలు తగ్గినా 14 రోజులు వెయ్యాలి.

రాత్రిపూట ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా మీద కుప్పగా పొయ్యకుండా సమంగా తియ్యండి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకి ప్రమాదం. తెల్లారగానే ప్యాకెట్ తెచ్చుకోండి.

ఒక జాగ్రత్త. షాపులో అట్టపెట్టెల్లో తియ్యటి నీళ్లు అమ్ముతారు. కొన్నిటి మీద ఓ.ఆర్.ఎస్. అని పేరు కూడా వేసేవాళ్లు. వాటిలో పంచదార చాలా ఎక్కువ. అవి తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వెయ్యకూడదని ఆదేశించింది. మనం కొనవలసింది పొడి ప్యాకెట్. తియ్యటి రసం కాదు.

మరి ఇంట్లో ఎలా చెప్పాలి?

తెలుసుకోవడం ఒక ఎత్తు. అత్త ముందు నోరు విప్పడం ఇంకో ఎత్తు. "నాలుగు అక్షరాలు నేర్చుకునేసరికి మాకే చెబుతున్నావా?" అని ఒక అక్కని అన్నారట. ఆ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది.

ఊరికే వచ్చి పోయే వాళ్లతో వాదించవద్దు. "అలాగే పిన్నీ" అనండి. చెయ్యకండి. "అది అబద్ధం కాదా టీచర్?" అని ఒక చెల్లెలు అడిగింది. నేను అలా అనుకోను. పిన్ని సాయంత్రానికి తన ఊరు వెళ్లిపోతుంది. ఆమె మర్యాద ఆమెకి దక్కింది.

ఇంట్లో ఉండే పెద్దవాళ్లతో అలా కుదరదు. వాళ్లకి నిజం చెప్పాలి. మన నోటితో చెబితే ఎదురు చెప్పినట్టు ఉంటుంది. కాబట్టి టీకాల రోజున అత్తని వెంట తీసుకుపొండి. చాలా ఊళ్లలో అది బుధవారం, లేదా శనివారం. "ఈవిడ మా అత్తమ్మ. బిడ్డని చూసేది ఈవిడే. నీళ్లు పట్టాలా వద్దా, ఈవిడకే చెప్పండి" అని ఏ.ఎన్.ఎం. గారితో అనండి. పదిమందిలో తనని పెద్దదాన్ని చేసి అడిగితే ఎవరికైనా సంతోషమే. టీకా వేశాక ఒక రోజు జ్వరం రావచ్చని కూడా అప్పుడే వింటుంది. లేకపోతే జ్వరం చూసి "ఇంకో సూది వేయించవద్దు" అనేది కూడా ఆవిడే.

తల్లీబిడ్డల కార్డు మీ దగ్గర ఉంటుంది. రాత్రి అన్నాలయ్యాక దాన్ని పైకి చదవండి. తప్పులు పోతే పోనివ్వండి. మీరు చెబితే అది కోడలి మాట. చదివితే సర్కారు మాట.

భర్తని మరిచిపోవద్దు. చాలా ఇళ్లలో అత్తాకోడళ్లు వాదించుకుంటుంటే ఆయన బీడీ ముట్టించుకుని అరుగు మీదకి పోతాడు. బిడ్డ ఆయనది కూడా. కాన్పుకి ముందే కూర్చోబెట్టి చెప్పండి. "తేనె, ఆముదం వద్దని మీ అమ్మకి నువ్వే చెప్పాలి" అనండి. కొడుకు చెప్పిన మాట అత్తకి అంత కష్టంగా ఉండదు.

కూలికి పోయే తల్లికి ఇంకో చిక్కు ఉంది. బిడ్డని పగలంతా చూసేది అత్తే. ఆమెతో చెడితే పని ఆగిపోతుంది. అలాంటప్పుడు వద్దు అని మాత్రమే చెబితే సరిపోదు. ఏడిస్తే ఏం పట్టాలో కూడా చెప్పి పోవాలి. పనికి పోయేముందు చేతులు కడుక్కుని పాలు పిండండి. మూత ఉన్న శుభ్రమైన స్టీలు గిన్నెలో పెట్టండి. చల్లటి చోట 4 గంటలు ఉంటాయి. మండు వేసవిలో అయితే ఇంకా ముందే పట్టాలి. గిన్నె ఇంట్లో ఉంటే అత్త నీళ్ల జోలికి, డబ్బా జోలికి పోదు.

పెద్దవాళ్లు చెప్పేవాటిలో మంచివి ఉంటే వెంటనే చెయ్యండి. బిడ్డని వెచ్చగా ఉంచమంటారు. తల్లిని పని చెయ్యవద్దంటారు. నడిరాత్రి ఏడ్చే బిడ్డని భుజాన వేసుకుని తిప్పుతారు. జోల పాడతారు. "ఇది నీ దగ్గరే నేర్చుకోవాలి అత్తా" అని ఆ పనికి అనండి. మరుసటి రోజు ఆముదం వద్దంటే వింటుంది.

ఎవరినీ అడగకుండా బయలుదేరాల్సిన గుర్తులు

ఈ గుర్తులు కనపడితే ఇంట్లో చర్చ పెట్టుకోవద్దు. అత్త ఒప్పుకోవాలని, భర్త పొలం నుంచి రావాలని ఆగవద్దు.

బిడ్డ పాలు తాగడం మానేస్తే వెళ్లాలి. ఒళ్లు వేలాడేసినా, పిలిస్తే కళ్లు తెరవకపోయినా వెళ్లాలి. ఫిట్స్ వస్తే బిడ్డని ఒక పక్కకి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెడితే పెట్టనివ్వండి, కానీ అది చూస్తూ కూర్చోకండి. పుట్టిన మొదటి రోజే ఒళ్లు పచ్చబడినా, ఎప్పుడైనా అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా వెళ్లాలి. పసరు పొయ్యవద్దు. నెల బిడ్డకి జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా వెళ్లాలి. విరేచనంలో రక్తం పడితే, కళ్లు గుంటలు పడితే, 6 గంటలు ఉచ్చ రాకపోతే వెళ్లాలి. దారి పొడవునా ఓ.ఆర్.ఎస్. పోస్తూనే ఉండండి.

ఆయాసం ఉందేమో అనుకుంటే గడియారం పెట్టుకుని ఊపిరి లెక్క పెట్టండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో నిమిషం సేపు చూడండి. రెండు నెలల లోపు బిడ్డకి 60 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే ప్రమాదం. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకి 50 ఉన్నా ప్రమాదమే. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే లెక్క కూడా అక్కర్లేదు.

ఫోను తీసి 108 నొక్కండి. మన రాష్ట్రంలో ఈ బండ్లు 2005 నుంచి తిరుగుతున్నాయి. డబ్బులు తీసుకోరు. ఊరు పేరు, మండలం పేరు, ఇంటి దగ్గర గుడి గాని బడి గాని ఉంటే ఆ గుర్తు చెప్పండి. బండి వచ్చేలోగా బిడ్డని మీ ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకోండి. తల్లీబిడ్డల కార్డు సంచిలో పెట్టుకోండి. బిడ్డకి ఇప్పటిదాకా ఏమేం పట్టారో డాక్టరుకి దాచకుండా చెప్పండి. ఎవరన్నా తేనె నాకించినా, పసరు పోసినా అది కూడా చెప్పండి.